పాట మధ్యలో వన్స్‌మోర్

పెళ్లయిన నాటినుంచీ పుష్పలతకు భర్త మీద ఒకటే ఫిర్యాదు. ఆయన నోరు ఆయన మాట వినదు. పెళ్లిపందిట్లో, బ్యాంకు క్యూలో, చివరికి డాక్టరు గదిలో కూడా మనసులో అనుకోవలసింది పైకి అనేస్తాడు. ఆ నోటి వల్ల హామిల్టన్ ఊళ్లో ఒక నాటకం ఏమైందో చెప్పాలంటే, ముందు ఒక బస్సు హారన్ గురించి చెప్పాలి.

ఆ భర్త శ్రీపతి అక్కడ ఒక డెయిరీ నడుపుతున్నాడు, దాని వెనకే ఇల్లు. న్యూజీలాండ్‌లో డెయిరీ అంటే పాడి కాదు, వీధి మూలన ఉండే చిల్లర కొట్టు. పాలు, బ్రెడ్డు, సిగరెట్లు, ఐస్‌క్రీములు, గాజు పెట్టెలో వేడిగా మాంసం కూరిన పైలు. 2016 చలికాలంలో ఒక సాయంత్రం ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు లోపలికి వచ్చి, ఇనపరాడ్డుతో కౌంటర్ అద్దం పగలగొట్టి సిగరెట్ల అర తెరవమన్నారు. శ్రీపతి కంగారులో తాళంచెవి జేబులోనే పెట్టుకుని కౌంటరంతా వెతికాడు. రాడ్డు మళ్లీ పైకి లేచే సమయానికి ఒక సిటీ బస్సు సరిగ్గా కొట్టు ముందు ఆగింది. దాని హారన్ మోగడం మొదలుపెట్టి ఇక ఆపలేదు. వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. వచ్చినవాళ్లు రాడ్డు అక్కడే పారేసి పరుగు తీశారు.

బస్సు దిగి లోపలికి వచ్చిన డ్రైవరు పేరు నోమ్సా. జింబాబ్వే నుంచి వచ్చి ఆ ఊళ్లో స్థిరపడిన మనిషి. రోజూ డ్యూటీ దిగాక పాలు కొనుక్కుని వెళ్లేది. అప్పటిదాకా ఇద్దరి మధ్యా గుడ్ ఈవినింగ్ తప్ప వేరే మాట లేదు. ఆవిడ గాజుముక్కలు తొక్కుకుంటూ కౌంటర్ వెనక్కి వచ్చి, శ్రీపతి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. పోలీసులు వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు. బస్సులో కూర్చున్న జనం ఆలస్యమైందని ఒక్కరూ గొణగలేదట.

అద్దం మర్నాటికి కొత్తది వచ్చింది గానీ శ్రీపతి గుండె అంత తొందరగా బాగుపడలేదు. తలుపు తీయగానే టింగ్‌మనే గంట ఒకటి ఉండేది. అది మోగితే చాలు ఉలిక్కిపడేవాడు. తలుపుకు వీపు పెట్టి నిలబడడం మానేశాడు. వెనక షెల్ఫులో డబ్బా తీయాలన్నా పీతలా పక్కకి జరిగి, కళ్లు గుమ్మం మీదే ఉంచి తీసేవాడు. చీకటి పడే వేళకు మరీ ఘోరం.

ఇదంతా నోమ్సా కనిపెట్టింది. ఎవరూ అడక్కుండానే రోజూ డ్యూటీ దిగి వచ్చి, ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ పక్కన పాల క్రేటు బోర్లించుకుని, షట్టర్ వేసేదాకా కూర్చునేది. శ్రీపతి పాల సీసా చేతిలో పెట్టి డబ్బులొద్దంటే ఊరుకునేది కాదు. వాళ్లిద్దరి మాటలూ ఇంగ్లీషులోనే సాగేవి.

“దీనికి నేను ఏదైనా తీసుకున్నానంటే ఇదీ ఒక డ్యూటీ అయిపోతుంది అంకుల్. నాకు ఒక డ్యూటీ చాలు,” అనేది.

పుష్పలత పెట్టిన పులిహోర మాత్రం కాదనకుండా తినేది. ఇంటి వంట వేరు, కొట్టు సరుకు వేరు అని ఆవిడ లెక్క. శ్రీపతికి ఆ లెక్క మింగుడు పడేది కాదు. ప్రాణం కాపాడిన మనిషికి పులిహోరతో సరిపెట్టడమేమిటి? తోబుట్టువు కూడా చెయ్యని పని చేసింది, ఆమెకి నేనేం చేశాను అని రోజూ మథనపడేవాడు.

మరుసటి ఏడాది నోమ్సా ఆ క్రేటు మీద కూర్చుని పాడడం మొదలుపెట్టింది. ఊళ్లోని ఔత్సాహిక నాటక సంఘం ఒక సంగీత నాటకం వేస్తోంది. కథ దాదాపు వందేళ్ల కిందటి న్యూయార్క్‌ది. నల్లవాళ్లే రాసుకుని, వాళ్లే బాణీలు కట్టుకుని, వాళ్లే ఆడిన తొలినాటి సంగీత నాటకం ఒకటి ఎలా తయారైందో చూపించే నాటకం అది. చేతిలో పైసా లేకుండా ఊరూరూ తిరిగి, మూతపడిన వేరే నాటకాల చెమట మరకల బట్టలు కొని తొడుక్కుని, చివరికి ఒక పాత హాలు సంపాదిస్తారు. జింబాబ్వే, ఘనా, సోమాలియాల నుంచి వచ్చినవాళ్లు వేషాలు కడుతున్నారు. నోమ్సాది నాయిక వేషం.

“ఆ రోజుల్లో మమ్మల్ని చూసి నవ్వుకోవడానికే జనం వచ్చేవారు అంకుల్,” అని చెప్పింది నోమ్సా. “నల్ల ఆడది, నల్ల మగాడు స్టేజి మీద నిజంగా ప్రేమించుకుంటే ఒప్పుకునేవారు కాదు. వీళ్లేమో అలాంటి ప్రేమ పాట ఒకటి పెట్టారు. ఆ పాట వచ్చేసరికి జనం మీద పడతారని, పాట కట్టినాయన కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, పారిపోవడానికి తయారుగా కూర్చుంటాడు. మా నాటకంలో ఆ సీనే ప్రాణం.”

ఆ పాట శ్రీపతికి నోటికి వచ్చేసింది. నీ దారి చీకటైతే దీపం తేలేను, నీ పక్కన చీకట్లో నడుస్తాను అని దాని భావం. విన్నప్పుడల్లా ఫ్రీజర్ పక్కనున్న ఆ క్రేటు వైపు చూసి కళ్లు తుడుచుకునేవాడు. ఉల్లిపాయల మూట మీద నెపం పెట్టేవాడు.

శ్రీపతికి నాటకం కొత్త కాదు. రేపల్లె పక్క పల్లెల్లో పడుచుతనమంతా పద్యనాటకాల్లో రాజు వేషం కట్టినవాడు. అక్కడి పద్ధతి వేరు. నటుడు పద్యం ఎత్తుకుని, చివర రాగం సాగదీసి, ఊపిరి ఉన్నంతవరకూ పట్టి ఆపగానే జనంలోంచి “వన్స్‌మోర్!” అని కేక లేవాలి. లేస్తే కథ అక్కడే ఆగుతుంది. చచ్చిపడి ఉన్న రాజైనా లేచి మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోవలసిందే. వన్స్‌మోర్ పడని పద్యం మర్నాటికి నాటకంలో ఉండదు. ఈ దేశం వచ్చాక శ్రీపతి పద్యమన్నది ఎత్తలేదు. నోమ్సా ఎన్నిసార్లు అడిగినా గొంతు పోయిందమ్మా అని తప్పించుకున్నాడు.

ప్రదర్శనకు వారం ఉందనగా నోమ్సా ముఖం వేలాడేసుకుని వచ్చింది.

“నాటకం పొడుగైపోయిందట. గ్రాంట్ నా పాట తీసేద్దామంటున్నాడు,” అంది. గ్రాంట్ అంటే దర్శకుడు, రిటైరైన స్కూలు మాస్టారు. “రిహార్సల్‌కి వచ్చినవాళ్లు ఎవరూ కదల్లేదు, మెదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం మొదటి ఆటలో ఉంచుతాడట. హాలు కదిలితే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ ఒక్క పాట కోసం ఒప్పుకున్నాను అంకుల్ ఈ వేషం.”

శ్రీపతికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు గానీ మనసు ఉరకలు వేసింది. ఇన్నాళ్లకి దారి దొరికింది! పొద్దున్నే గిరిధర్‌కి ఫోన్ చేశాడు. గిరిధర్ చదువుకోవడానికి వచ్చి ఉద్యోగంలో కుదురుకున్న కుర్రాడు. ఊళ్లో తెలుగువాళ్ల పిక్నిక్ ఏదైనా అతని చేతి మీదుగానే జరగాలి.

“రెండు వరసలు మనవాళ్లతో నింపెయ్ బాబూ. టికెట్లు నావి. ఆవిడ పాట అయిపోగానే అందరూ లేచి వన్స్‌మోర్ అని అరవాలి.”

“అంకుల్, ఇక్కడివాళ్లు, ఈ కివీస్, అలా అరవరేమో...”

“అరవరు కాబట్టే నువ్వు అరవాలి.”

గిరిధర్ సరేనన్నాడు. పుష్పలత మాత్రం దోశ తిప్పుతున్న గరిటె పట్టుకునే హాల్లోకి వచ్చింది.

“ఏవండీ, మీకసలు బుద్ధుందా? మీ ఊళ్లో కాఫీలు పోయించి అరిపించుకునేవాళ్లని మీరే కదా నోటికొచ్చినట్టు తిట్టేవారు? ఆ పిల్ల ఏడు నెలలుగా మీ క్రేటు మీద కూర్చుని ఆ పాట నేర్చుకుంది. దానికి మీరు కొని తెచ్చిన కేకలిస్తారా? రేపు తెలిస్తే మళ్లీ మన గుమ్మం తొక్కుతుందా?”

శ్రీపతికి నోట మాట రాలేదు. ఆయన జీవితంలో అలా జరగడం అరుదు. కాసేపు దోశ మాడుతున్న వాసన పీలుస్తూ కూర్చుని, గిరిధర్‌కి మళ్లీ ఫోన్ చేసి, వచ్చి చూడండి చాలు, ఎవరూ నోరెత్తకండి అని గట్టిగా చెప్పాడు. పాట నిలబడితే దాని బలంతో నిలబడాలి. లేకపోతే ఆవిడతో కూర్చుని బాధపడడం తప్ప తను చేయగలిగింది ఏమీ లేదు.

ఆదివారం హాలు సగం పైగా నిండింది. స్వెటర్లు వేసుకున్న పెద్దవాళ్లు, ఒళ్లో కోట్లు మడిచి పెట్టుకుని, నవ్వవలసిన చోట చిన్నగా నవ్వుతూ, మిగతా చోట్ల బుద్ధిగా చూస్తున్నారు. తెలుగువాళ్ల రెండు వరసలూ అంతకంటే బుద్ధిగా ఉన్నాయి. పుష్పలత ముందుజాగ్రత్తగా భర్త చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుంది.

ఆ సీను వచ్చింది. స్టేజి మీద ఓ మూల పాట కట్టినాయన వేషగాడు కోటూ టోపీతో కుర్చీ అంచున కూర్చున్నాడు. మధ్యలో నోమ్సా. పియానో నెమ్మదిగా ఎత్తుకుంది. క్రేటు మీద విన్న పాటే, కానీ శ్రీపతికి మొదటిసారి విన్నట్టే ఉంది. భుజం మీద ఆనాటి చెయ్యి బరువు మళ్లీ తెలిసింది. మొదటి చరణం చివర, నీ పక్కన చీకట్లో నడుస్తాను అన్నచోట నోమ్సా గొంతు పైకి లేచి, అక్కడే నిలిచి, ఊపిరి ఉన్నంతవరకూ సాగి ఆగింది. పియానో కూడా ఆగింది. అసలు పాటలో అది క్షణం విరామం మాత్రమే. తర్వాత రెండో చరణం ఉంది. ఏడు నెలలు విన్న శ్రీపతికి ఆ సంగతి తెలియదా? తెలుసు. కానీ రేపల్లె పక్క పల్లెల్లో పెరిగిన ఒళ్లు అది. రాగం అలా ఆగితే ఏం చెయ్యాలో ఆ ఒంటికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

“వన్స్‌మోర్!”

ఎవరో అరిచారనుకున్నాడు. చూసుకుంటే తనే లేచి నిలబడి ఉన్నాడు. చొక్కా అంచు చిరిగి పుష్పలత చేతిలో ఉండిపోయింది. అంకులే అరిచాడు కదా, అయితే పాత మాటే ఖాయమన్నమాట అనుకున్నాడు కాబోలు గిరిధర్, “వన్స్‌మోర్!” అని అందుకున్నాడు. రెండు వరసలూ లేచాయి. పిల్లలు ఈల వేశారు.

పియానో ఆయన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. దేవుడా, ఏం చేశాను, పాటని నిండా ముంచేశాను కదా అనుకున్నాడు శ్రీపతి.

నోమ్సా చీకట్లోకి చూసింది. ఆ గొంతు ఎవరిదో ఆవిడకి తెలుసు. మూల కుర్చీలో వేషగాడు ఏం తోచిందో, పాట చివర తీయవలసిన టోపీని అప్పుడే తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పారిపోవడానికి తయారుగా ఉన్నవాడు ఇక పోనని నిశ్చయించుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. అది చూసి నోమ్సా నవ్వింది. పియానో వైపు తల ఊపి, పాట మొదటినుంచి ఎత్తుకుంది.

ఈసారి ఆవిడ ఎవరికీ భయపడకుండా పాడింది. మొదటి చరణం చివర అదే చోట ఆగింది. శ్రీపతి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ముందు వరసలోంచి, తెల్లజుట్టు ముసలావిడ ఒకరు, చాలా మర్యాదగా, కొంచెం సిగ్గుపడుతూ, “వన్స్‌మోర్, ప్లీజ్,” అంది. హాలంతా గొల్లున నవ్వింది. పాట పూర్తయ్యాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు. లేచి నిలబడినవాళ్లలో స్వెటర్లవాళ్లే ఎక్కువ.

ఆట అయ్యాక లాబీలో గ్రాంట్ ఎదురుపడితే శ్రీపతి క్షమాపణలు చెప్పబోయాడు.

“పాట ఉంటుంది,” అన్నాడు గ్రాంట్. “టైము కోసం మొదట్లో నా ఉపన్యాసం తీసేస్తున్నాను. దానికి ఎవరూ వన్స్‌మోర్ అనలేదు.”

మర్నాడు సాయంత్రం నోమ్సా మామూలుగానే వచ్చింది. పాలు తీసుకుని డబ్బులు కౌంటర్ మీద పెట్టింది. క్రేటు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. శ్రీపతిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఫ్రీజర్ పక్కన నిలబెట్టి, తను కౌంటర్‌కి ఆనుకుంది.

“అమ్మా, నువ్వు చేసినదానికి నేను...” అని మొదలుపెట్టాడు శ్రీపతి.

“నాకు ఏదో ఇవ్వాలని మీకు ఎప్పటినుంచో ఉంది కదా అంకుల్. కొట్టు సరుకు వద్దు. పద్యం కావాలి.”

“గొంతు పోయిందమ్మా...”

“నిన్న హాలంతా విన్నది ఆ పోయిన గొంతేనా?”

లోపల్నుంచి పుష్పలత నవ్వడం వినబడింది. ఇక తప్పించుకునే దారి లేదు. శ్రీపతి గొంతు సవరించుకున్నాడు. రాజు కొలువులో నిలబడి మిత్రుడికి కృతజ్ఞత చెప్పే పద్యం ఒకటి, ఎప్పటిదో, అడుగున పడి ఉన్నది, ఎత్తుకున్నాడు. మొదట బొంగురుగా వచ్చింది. తర్వాత గొంతు దానంతట అదే దారి పట్టింది. కొలువుకు తిరిగినట్టు ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ వైపు తిరిగి, చెయ్యి చాచి, రాగం పైకెత్తాడు.

తలుపు గంట టింగ్‌మంది. బురద బూట్ల కివీ ఒకాయన మాంసం పై కొనడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. గంట మళ్లీ మోగింది. స్కూలు పిల్లలు లోపలికి వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. పుష్పలత వంటగది గుమ్మంలోంచి భర్తనే చూస్తోంది. ఆయన తలుపుకు వీపు పెట్టి నిలబడి పాడుతున్నాడు. గంట ఆయనకి వినబడనే లేదు.

రాగం ఆగింది. నోమ్సా కళ్లు తుడుచుకుని, కౌంటర్ మీద చేత్తో గట్టిగా చరిచింది.

“వన్స్‌మోర్!”

శ్రీపతి వెనక్కి తిరగలేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.