గాజు తీగకు తొమ్మిది ముడులు

పెద్దాయన ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలతో కాపురం చేశాడు. భార్యతో చేసింది ఇరవై ఎనిమిదేళ్ళే. ఈ లెక్క ఆయన వేసింది కాదు, ఉన్నన్నాళ్ళూ ఆ మహాతల్లి వేసి వినిపించిందే.

ఎక్స్ఛేంజి మూతపడ్డ రోజున ఆయన ఇంటికి మూడింటిని వెంట తెచ్చుకున్నాడు. మైనం పూసిన దారపు ఉండ ఒకటి, తీగలు కట్టే వంకర సూది ఒకటి, మూడోది ఒక అలవాటు. ఇంట్లో ఏది చెడినా గళ్ళు గీసిన పుస్తకంలో ఎక్కాల్సిందే. తేదీ, టైము, ఏం పోయింది, కారణం, బాగుచేసినవారు. ఉద్యోగంలో ఉండగా కారణం గడిలో వాన రాశాడు, ఎలుక రాశాడు, పిడుగు రాశాడు, ఓసారి కోపం పట్టలేక 'పై ఆఫీసు' అని కూడా రాశాడు. 'నేను' అని మాత్రం ఒక్కసారీ రాయలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. అయితే పనిమంతుడు కాబట్టి ఆ కుందేలుకి నాలుగో కాలు ఉందని నిరూపించే అవసరం ఎవరికీ పడలేదు.

కోడలు మాటలు నేర్పే టీచరు. మూడేళ్ళు నాలుగేళ్ళు వచ్చినా మాటలు రాని పిల్లలకి పొద్దున క్లినిక్‌లోనూ, సాయంత్రం ఇంటి నుంచి వీడియోలోనూ పాఠాలు చెబుతుంది. ఆ పిల్లలకి టీచరు పెదవులు స్పష్టంగా కనిపించాలి. తెర మీద బొమ్మ ఒక్క క్షణం ఆగిందంటే పిల్ల చూపు కిటికీ వైపు పోతుంది. పోయిన చూపుని మళ్ళీ పట్టుకురావడానికి పావుగంట పడుతుంది.

ఆ నెలలో బొమ్మ ఆగడం మామూలైపోయింది. ఫైబర్ కంపెనీవాళ్ళు ఇచ్చిన తెల్ల పెట్టె ముప్పావుగంట పనిచేసి, వేడెక్కి, సొమ్మసిల్లిపోయేది. బుధవారం మూడోసారి పాఠం మధ్యలో తెగిపోయాక క్లినిక్ డాక్టరమ్మ ఫోన్ చేసింది. శుక్రవారం నాలుగింటి పాఠంలో తానూ కూర్చుంటానని, అది కూడా తెగితే వీడియో పిల్లలందర్నీ వేరే టీచరుకి అప్పగిస్తానని చెప్పింది. ఆవిడ మాటలో విసుగు లేదు. విసుగు ఉంటే బతిమాలుకోవచ్చు.

"ఏడు నెలలు కూర్చున్నాను మామయ్యా ఆ నాలుగేళ్ళ పిల్లతో. ఇప్పుడిప్పుడే నా పెదాల వంక చూస్తోంది. ఇప్పుడు టీచరు మారితే మళ్ళీ మొదటికొస్తుంది," అంది కోడలు, ఆ పూట అన్నం కెలుకుతూ.

గురువారం సాయంత్రం ఆమె సొంతంగా ఓ రూటరు కొనుక్కొచ్చింది. నల్లగా, నాలుగు కొమ్ములతో ఉంది. దాన్ని చూడగానే పెద్దాయన మొహం ముడుచుకుంది.

"కంపెనీ వస్తువు పక్కన మన వస్తువు పెట్టకూడదమ్మాయ్. రేపు ఏదైనా అయితే, మీరే కెలికారంటారు."

"ఏం కెలకట్లేదు మామయ్యా. పక్కన తగిలిస్తున్నానంతే."

తగిలించింది. లాభం లేకపోయింది. నల్లది ఎంత హుషారుగా ఉన్నా, అది పంపే ప్రతిదీ ఆ తెల్లదాని చేతుల మీదుగానే వెళ్ళాలి. తెల్లది సొమ్మసిల్లితే రెండూ పడ్డట్టే.

"ఒక ఒరలో రెండు కత్తులు," అన్నాడు పెద్దాయన. తన మాటే నిజమైనందుకు లోపల కాస్త సంతోషించాడు కూడా. అది దాచాల్సిన పని లేదు, ఆయన మొహమే చెప్పేసింది.

కోడలు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, పాట విని, అంకెలు నొక్కి, మళ్ళీ పాట విని, చివరికి ఓ మనిషిని పట్టుకుంది. దానికో దారుందట. 'బ్రిడ్జ్ మోడ్' అంటారట. కంపెనీ పెట్టె తీగలోంచి వచ్చే వెలుగును అందుకుని నల్ల రూటరుకి ఇచ్చి ఊరుకుంటుంది. మిగతా చాకిరీ అంతా రూటరే చూసుకుంటుంది. రేపు మధ్యాహ్నానికల్లా తమ వైపు నుంచి మార్చేస్తామన్నారు. ఆ తర్వాత రూటరులో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఓ మూడంకెల నంబరు ఎక్కించుకోవాలి. కనెక్షన్ ఇచ్చినప్పటి ఫారంలో అవన్నీ ఉంటాయన్నారు.

"అంటే ఆ పెట్టెకి పని తగ్గించి కూర్చోబెడతారన్నమాట," అన్నాడు పెద్దాయన. ఎందుకో ఆ మాట ఆయనకే గుచ్చుకుంది.

శుక్రవారం పొద్దున కొడుకు డ్యూటీకి, కోడలు క్లినిక్‌కి వెళ్ళిపోయారు. ఇంట్లో పెద్దాయన, హాల్లో అర దగ్గర తీగల గుంపు మిగిలారు. కరెంటు తీగలు రెండు, రూటరు తీగ ఒకటి, కోడలి కంప్యూటరు తీగ ఒకటి, గోడలోంచి వచ్చిన సన్నటి పసుప్పచ్చ తీగ ఒకటి. అవన్నీ ఒకదానిమీద ఒకటి పడి దొర్లుతున్నాయి. ఎక్స్ఛేంజిలో ఇలాంటిది చూస్తే ఆయన చేతికింద పనివాళ్ళకి ఆ రోజు భోజనం ఉండేది కాదు. పదకొండు దాకా ఓర్చుకున్నాడు. పదకొండున్నరకి దారపు ఉండ తీశాడు.

మనిషికి పని చేతికి వస్తే వయసు పదేళ్ళు తగ్గుతుంది. తీగలన్నీ దువ్వి, వరసపెట్టి, అర అంచు మూల దగ్గర మడత పడేలా మలిచి, బెత్తెడుకొకటి చొప్పున ముడి వేశాడు. ప్రతి ముడినీ పంటితో లాగి బిగించాడు. తొమ్మిది ముడులు. వేలు దూరే సందు లేదు. వెనక్కి జరిగి చూసుకుని, ఎక్స్ఛేంజి ఉన్న రోజుల్లో లాగా తృప్తిగా భోంచేసి, ఓ కునుకు తీశాడు.

రెండున్నరకి కోడలు వచ్చేసరికి పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది.

కంపెనీకి ఫోన్ చేసింది. బ్రిడ్జ్ మోడ్ పన్నెండింటికే పెట్టేశామన్నారు. కానీ మీ పెట్టెకి వెలుగే అందడం లేదన్నారు. మనిషిని పంపుతామన్నారు, సోమవారం.

"నాలుగింటికండీ నాకు పాఠం," అంది కోడలు. అవతలివాళ్ళు సోమవారమేనని మళ్ళీ చెప్పారు.

ఫోన్ పెట్టేసి ఆమె కుర్చీలో కూలబడింది. "నా చేతులారా చెడగొట్టుకున్నాను మామయ్యా. మీరు చెబుతూనే ఉన్నారు ముట్టుకోవద్దని. ముప్పావుగంటైనా పనిచేసేది. ఇప్పుడు అదీ లేదు."

కిందటిసారి వచ్చిన కంపెనీ మనిషి నంబరు తన పుస్తకంలో ఉండాలి, అతన్నే బతిమాలి పిలుద్దామని పెద్దాయన లోపలి గదిలోకి వెళ్ళాడు. కనెక్షన్ ఇచ్చిన రోజు పేజీ తీశాడు. నంబరు ఉంది. దాని పైన, తన గుండ్రటి అక్షరాల్లోనే, ఇంకో రెండు ముక్కలున్నాయి. 'పసుప్పచ్చ తీగ. లోపల గాజు. వంచకూడదు, బిగించకూడదు. మనిషి రెండుసార్లు చెప్పాడు.'

ఆయన చేతులకి రాగి తెలుసు. రాగిని మలిచినా, బిగించినా, పంటితో లాగినా మాట మోస్తుంది. ఇది గాజు. మూల దగ్గర మెడ విరిచి కట్టేస్తే వెలుగు ఎటు పోతుంది?

తలుపు సందులోంచి చూశాడు. కోడలు మొహం కడుక్కోవడానికి లేచింది. కత్తెర ఎదురుగానే ఉంది. ఆమె తిరిగి వచ్చేలోగా నాలుగు ముడులు తెంపితే చాలు, దీపం దానంతట అదే బాగుపడిందని చెప్పొచ్చు. తన మాట నెగ్గినట్టే ఉంటుంది, తప్పు ఆ నల్ల కొమ్ములదాని నెత్తిన పడుతుంది. కత్తెర అందుకుని, తేలుకుట్టిన దొంగలా ఆయన రెండడుగులు వేశాడు కూడా.

ఆమె మొహం కడుక్కోలేదు. వంటింటి గట్టు దగ్గర నిలబడి ఫోన్ చెవిన పెట్టుకుంది.

"నమస్తే డాక్టరుగారూ. పాఠం విషయమే. పిల్లలని వేరే టీచరుకి..."

"ఫోన్ పెట్టెయ్యమ్మా," అన్నాడు పెద్దాయన. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "కారణం నువ్వు కాదు. నేను."

ఆమె తిరిగి చూసింది.

"ఆ తీగ బిగించి కట్టింది నేనే. కట్టకూడదని కంపెనీ మనిషి రెండుసార్లు చెప్పాడు, నేనే రాసుకున్నాను, మర్చిపోయాను. తెలిసిన వెంటనే చెప్పలేదు, అది ఇంకో తప్పు."

కోడలు ఆయన వంకా, ఆయన చేతిలో కత్తెర వంకా చూసింది. "ఒక్క పావుగంటలో చెబుతానండీ," అని ఫోన్ పెట్టేసింది. వచ్చి అర దగ్గర నిలబడింది. తిట్టి ఉంటే ఆయనకి తేలికగా ఉండేది.

మూల దగ్గర ముడి మొదట తెంపాడు. తన ముడి అంత గట్టిదని ఆయన తొలిసారి తిట్టుకున్నాడు. ఒక్కొక్కటీ తెంపుతూ పసుప్పచ్చ తీగని మిగతా వాటిలోంచి విడదీసి, పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని, పెద్ద చుట్టుగా వదులుగా గోడకి వేలాడదీశాడు. తొమ్మిదో ముడి తెగేసరికి ఎర్రదీపం ఆరింది. పచ్చదీపం రెండుసార్లు మిణుకుమని నిలబడింది.

"యూజర్‌నేమ్ ఉంటే ఎక్కించేయొచ్చు," అని కోడలు సొరుగు లాగి ఫారం తీసింది. చూసి నీరుగారిపోయింది. అందులో ఇంటి అడ్రసూ సంతకమూ తప్ప ఏమీ లేవు. అవి విడిగా అడిగితే మూడు పనిరోజులు పడుతుందని కంపెనీ నిన్న ఫోన్లోనే చెప్పింది.

పెద్దాయన పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆ రోజు కంపెనీ మనిషి తమ ఆఫీసుతో ఫోన్లో ఏమేమి పలికాడో, పక్కన నిలబడి పొల్లుపోకుండా రాసుకున్నాడు. యూజర్‌నేమ్ ఉంది. పెద్ద అక్షరమేదో చిన్న అక్షరమేదో తేడా చూపించి మరీ పాస్‌వర్డ్ ఉంది. ఆమె రెండూ ఎక్కించింది. రూటరు కదల్లేదు.

"మూడంకెల నంబరు కూడా కావాలన్నారు మామయ్యా."

"కింద చూడు. 'నాలుగు ఒకటి రెండు. ఇదేమిటో తెలియదు, ఫోనులో గట్టిగా చెప్పాడు' అని రాశాను."

ఎక్కించింది. నల్ల రూటరు నెత్తిన నీలం దీపం వెలిగింది. టైము నాలుగుకి పది నిమిషాలు తక్కువ. "మీకు తెలియనిది కూడా రాస్తారా మామయ్యా?" అని అడిగి, డాక్టరమ్మకి ఫోన్ చేస్తూ, ఆ రోజుకి మొదటిసారి నవ్వింది.

పాఠం మొదలైంది. పెద్దాయన హాల్లో స్టూలు వేసుకుని పెట్టె ముందు కాపలా కూర్చున్నాడు. గదిలోంచి కోడలి గొంతు వినిపిస్తోంది. నీలం కప్పులు ఒకదానిమీద ఒకటి పేరుస్తోంది, ప్రతి కప్పుకీ ముందు 'ఇంకా' అంటోంది. ముప్పావుగంట దాటింది. దీపం కదల్లేదు.

ఉన్నట్టుండి గదిలో మాట ఆగిపోయింది.

పెద్దాయన ఉలిక్కిపడి దీపం చూశాడు. వెలుగుతూనే ఉంది. ఆగలేక తలుపు దగ్గరికి వెళ్ళాడు. కోడలు చేతిలో ఒక్క కప్పు పట్టుకుని, పైకెత్తి, పెదాలు మూసుకుని ఎదురు చూస్తోంది. తెరలో రెండు పిలకల పిల్ల కప్పు వంకే చూస్తోంది. మూలన చిన్న గడిలో డాక్టరమ్మ. లైను పోలేదు. ఆగింది టీచరే, కావాలనే.

పిల్ల నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది.

"ఇంకా," అంది.

అవతల ఎవరో ఏడ్చారు, తల్లి కాబోలు. కోడలు చేతిలో కప్పుని మిగతావాటి మీద పెట్టింది. పెద్దాయన ముప్పై ఒక్క ఏళ్ళు లైన్లు కలిపాడు. వాటిలో ఎవరు ఏం మాట్లాడుకున్నారో ఆయనకి తెలియదు. వినకూడదు, అది ఉద్యోగ ధర్మం. తన తీగ మీద వచ్చిన మాట వినడం ఇదే మొదలు. తలుపుకి ఆనుకుని, కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకున్నాడు. ఆయనకి చాలా సంతోషం వేసింది.

పాఠం అయ్యాక కోడలు బయటికి వచ్చింది. డాక్టరమ్మ పిల్లలని మార్చనందిట. ఆ మాట చెప్పడానికి వచ్చినామె, పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని రాస్తుంటే చూసి వెనక నిలబడింది.

ఏం పోయింది: ఇంటర్నెట్టు. కారణం: నేను. బాగుచేసినవారు: కోడలు.

ఆమె ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుంది. కారణం గడి జోలికి పోలేదు. చివరి గడిలో 'కోడలు' పక్కన 'మామయ్య' అని రాసి, పుస్తకం మూసి, దారపు ఉండని మాత్రం తనతో తీసుకుపోయింది.