భుజం దిగిన మందు డబ్బా

పత్తికి మందు కొట్టడంలో కట్టయ్యను మించినవాడు ఆ ఊళ్లో లేడు. వీపున డబ్బా తగిలించుకుని సాళ్లలోకి దిగాడంటే ఆకు చాటు పురుగుకు కూడా నూకలు చెల్లినట్టే. మూతికి గుడ్డ కట్టుకొమ్మంటే నవ్వేవాడు. పని ముగించి తాటివనంలోకి వెళ్లి కడుపునిండా కల్లు తాగితే ఒంట్లో చేరిన విషమంతా దిగిపోతుందని అతని నమ్మకం. అతనిదేమిటి, ఊరంతటి నమ్మకమూ అదే. అందుకే అతని కళ్లు మండినా, చేతులు వణికినా ఈ పనిలో మామూలే అనుకున్నారు.

ఆ వానాకాలం, వరసకు అల్లుడయ్యే యువరైతు మహిపాల్ చేలో మందు కొడుతూ కట్టయ్య నురగ కక్కి పడిపోయాడు. మహిపాల్ ఆటో మాట్లాడి హుటాహుటిన వరంగల్ దవాఖానకు చేర్చాడు.

"కల్లుతో విషం దిగదు. మందు తోలు గుండా లోపలికి పోయింది. మళ్లీ డబ్బా మోస్తే మనిషి దక్కడు," అంది డాక్టరమ్మ.

కట్టయ్య భార్య సమ్మమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. డబ్బా దించితే పొయ్యిలో పిల్లి లేవదు, ఎత్తితే మొగుడు మిగలడు.

మహిపాల్‌కు అన్నం సహించలేదు. పడ్డది తన చేలో కదా! అందరిలా నాలుగు పండ్లు చేతిలో పెట్టి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఎండాకాలమంతా పాత ఇనుప సామాను దుకాణాలు తిరిగి పైపులు ఏరుకొచ్చాడు. తన ట్రాక్టరు వెనక ఒక పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము, ఇంజను బలంతో తిరిగే పంపు, రెండు పక్కలా రెక్కల్లా చాచిన పైపులు, వాటికి సాలుకొకటి చొప్పున మందు చిమ్మే నాజిల్ బిగించాడు. మొదటిసారి ఉత్త నీళ్లతో నడిపితే చేని హద్దు గెట్టు దగ్గర కుదుపుకు ఒక రెక్క విరిగి వేలాడింది. చూడవచ్చినవాళ్లు పకపకా నవ్వారు. మహిపాల్ కూడా నవ్వేసి, మర్నాడే రెక్కలకు స్ప్రింగులు వేయించుకొచ్చాడు. ఇటువంటివాణ్ణి మెచ్చుకోకపోతే మనకు నోరెందుకు?

కబురు విని కట్టయ్య కర్ర పట్టుకుని వచ్చాడు.

"అల్లుడా, దవాఖానల బతికిచ్చి ఇప్పుడు నా కూలి మీద కొడుతున్నవా? గీ బండి తిరుగుతాంటే నన్నెవలు పిలుస్తరు?"

"నువ్వు లేకుంటె బండెవలు నడుపుతరు మామా? దున్నేటప్పుడు ట్రాక్టర్ నడిపినోనివే గద! నా చేను, పక్కోళ్ల చేన్లు అన్నీ నువ్వే కొట్టు. కూలి నీదే. ఫికర్ చెయ్యకు."

కట్టయ్య కర్ర పక్కన పెట్టాడు. మహిపాల్ చెయ్యి పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

మళ్లీ వానలు పడ్డాయి. చక్రాలు పోయేందుకు విత్తేటప్పుడే సాళ్లు వదిలారు. మూతికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, గాలివాటం చూసుకుని కట్టయ్య ట్రాక్టరెక్కాడు. మోకాలెత్తు పత్తి మీద ఆ రెక్కలు సాగుతుంటే ఊరు గెట్ల మీదే ఉంది.

"ఎంత పనిమంతునివి కట్టయ్యా! నీ పనితనం మిషన్ పాలాయె," అన్నాడు పక్క చేను రైతు వెంకట్రాజం. అతని చేలో ఒక కుర్ర కూలీ అప్పుడే డబ్బా ఎత్తుకుంటున్నాడు.

కట్టయ్య బండి ఆపి, మాస్కు కిందికి లాగాడు.

"ఇన్నేండ్లు నా పనితనం అందరు మెచ్చుకున్నరు గని, నా పానం సంగతి ఒక్కలడుగలే. మహిపాల్ ఒక్కడే అడిగిండు. ముందుగాల ఆ పిలగాని డబ్బా దించుండ్రి, మీ చేను నేను కొడత. పురుగును సంపే మందు కొన్నోడు, దాన్ని కొట్టే మనిషి బతికే ఉపాయం గూడ చూడాలె. కూలోని పానం తీసే పని ఎంత పాతదైనా ఆచారం కాదు, పాపం!"