పదహారో అంకె

కోక్ ఓవెన్ విభాగం నుంచి వచ్చిన కాల్‌కి ఆస్పత్రి లైను కలిపి, ఆ నంబరు చివరి అంకెను లూసీ చిత్తుకాగితం మీద రాసుకుంది. ఐదు. అంటే ప.

బొద్దు వేళ్లు, హెడ్‌ఫోన్ పట్టీ ఒరుసుకుని చెవుల పైన పలచబడిన జుట్టు. భిలాయి ఉక్కు కర్మాగారం టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పై నాలుగేళ్ల నౌకరీకి ఇవాళే ఆఖరు. కొత్త రాష్ట్రం వచ్చి, రాజధాని మారి మూడేళ్లయినా, కొందరు పెద్దసార్లు అలవాటుగా భోపాల్ కలపమంటూనే ఉన్నారు.

ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించే లూసీకి ఒకటే కోరిక, తనదంటూ ఒక్క బాణీ కట్టాలని. ఇంట్లో పాత కంప్యూటరు ముందు కూర్చుంటే వేళ్లు బుద్ధిగా పాత కీర్తన దారే పట్టేవి. అందుకే ఈ ఉపాయం. జనం అడిగిన నంబర్ల చివరి అంకెలు, వచ్చినవి వచ్చినట్టు పదహారు. ఒకటి స, రెండు రి, ఎనిమిది పై స, తొమ్మిది పై రి. సున్నా వస్తే మౌనం. ఇదివరకు మూడుసార్లు ఆశకొద్దీ అంకెలు దిద్దింది. మూడుసార్లూ పాత కీర్తనే తయారైంది.

ఇప్పుడు కాల్స్ తక్కువే; రెండింటికి డ్యూటీ దిగేసరికి అంకెలు పదిహేనే అయ్యాయి. వీడ్కోలు సమోసాలు కూడా అయిపోయాయి. తర్వాతి డ్యూటీకి కనకలత వచ్చింది.

"ఏటి దీదీ, ఇయ్యాళ కూడా రాస్తన్నావా?"

"ఒక్కటే తక్కువైందే. స పడితే ముగింపు కుదిరిపోను."

"అయితే ఒకటి రాసేయ్. ఎవుడు చూస్తాడు?"

లూసీ చెయ్యి దురద పెట్టింది. అయినా రాయలేదు. బరువుగా సీటులోంచి లేచింది. కనకలత కూర్చుని హెడ్‌ఫోన్ తగిలించుకుంది. ఒకే సీటులో ఒకరి తర్వాత ఒకరు పనిచేసిన ఇన్నేళ్లలో ఆమెకు ఎన్నడూ అవసరం పడని మాట ఇప్పుడు అడిగింది.

"మీ ఇంటి నంబరేటి దీదీ?"

చెబుతూ చెబుతూ లూసీ ఆగింది. చివరి అంకె సున్నా. ఎవరడిగినా, అడిగిన నంబరు అడిగినదే. వంగి, బోర్డుకి కట్టుకున్న తన పెన్సిల్‌తోనే ఆ సున్నా రాసి, కాగితం మాత్రం మడిచి బ్యాగులో పెట్టుకుంది. లోపల ఉసూరుమంది.

సాయంత్రం కోహ్కాలోని తన ఇంట్లో అంకెలన్నీ కంప్యూటరుకెక్కించి, డప్పు, బేస్ జతచేసి, మళ్లీ మళ్లీ మోగేలా పెట్టింది. ఏ కీర్తనా కాదు. కొత్తగా, వింతగా ఉంది. కానీ చివర మాత్రం మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు కాలికి తగలనట్టుంది.

రెండో చుట్టులో ఆ ఖాళీలో టక్ మంది. మూడో చుట్టులోనూ. పట్టాలు చేసే రైల్ మిల్లు హోరుకి చెవులు సగం పోగొట్టుకున్న భర్త విలియం, టీ గ్లాసు మీద చెంచాతో కొడుతున్నాడు.

"ఎవరి పాటే ఇది?"

"నాదే."

"బావుంది. నాకూ జాగా ఉంచినావు."

లూసీకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అంతలో ఫోన్ మోగింది. కనకలత.

"దీదీ, నీ పెన్సిల్ మరిచిపోనావు."

"మరిచిపోలేదే. మొదటి కాల్‌కి ఏటొచ్చింది?"

అవతల కాగితం గరగరలాడింది, వెంటే సిగ్గుపడ్డ నవ్వు.

"మూడు."

స్విచ్‌బోర్డు మేకుకి దారంతో కట్టిన ఆ పెన్సిల్, లూసీ పంటిగాట్లతో, ఇంకా సగం మిగిలే ఉంది.