సుంకప్ప కావలి

పాత పోగు కొసను, కొత్త పోగు కొసను పక్కపక్కన చేర్చి, బూడిద అద్దిన బొటనవేలితో చూపుడువేలి మీద ఒక్క రాపు రాస్తే చాలు, రెండూ పెనవేసుకుని ఒకటవుతాయి. ముడి కనిపించదు. అలా నాలుగు వేల పైచిలుకు పోగులు అతికితేగాని పట్టు మగ్గానికి కొత్త అచ్చు, అదే నిలువు పోగుల పడుగు, ఎక్కదు. ధర్మవరంలో ఆ పని చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. సుంకప్ప అతికిన పోగు తెగిందని మాత్రం ఏ నేతగాడూ అనలేదు. ముప్పై ఏళ్ళుగా అదే పని చేసీ చేసీ ఆ రెండు వేళ్ళ మీద రేఖలు అరిగిపోయి, చర్మం పలక మాదిరి నున్నబడింది.

ఆ ఆదివారం పొద్దున మూడుసార్లు పోగు జారింది. ఎడమ చెయ్యి మొద్దుబారినట్టుంది. చేతిని విదిలించి మళ్ళీ అతికాడు. మగ్గం యజమాని ఈరన్న అది చూసి, మిగిలింది రేపు చేసుకోవచ్చు పొమ్మన్నాడు.

"రెండో ఆదివారం నిన్ను పట్టి కూసోబెట్టేకి ఎవురి తరమప్పా. నీ రాజ్యంలో రాజు లేకపోయినా, మంత్రి లేకపోయినా, కావలోడు ఉండాల్సిందే గదా."

"ఈ పొద్దు ఒకరొస్తాండారు" అన్నాడు సుంకప్ప. ఈరన్న నవ్వు ఆపి అతని మొహం చూశాడు.

ఇంటికి పోయి మొహం కడుక్కునేసరికి ఆదెమ్మ సద్ది కట్టి పెట్టింది. సంగటి ముద్ద, మీద ఊరుబిండి పచ్చడి. పదమూడేళ్ళుగా నెలకొకసారి అదే సద్ది కడుతూ అవే మాటలు అంటోంది. తిరుపతికి పోదామంటే మోకాలు నొస్తుందనే మొగుడికి పెనుకొండ కొండ ఎక్కేటప్పుడు మాత్రం ఆ మోకాలు ఎక్కడికి పోతుందో ఆమెకు అంతు చిక్కలేదు. సుంకప్ప అటక మీది గుడ్డమూట దించి, విప్పి చూసి, మళ్ళీ కట్టుకున్నాడు. అందులో ఉన్నది ఒక కళ్ళజోడు, దాన్ని తుడవడానికి అరచేయంత పట్టుముక్క. తలుపు మూల నుంచి వెదురుకర్ర తీసుకున్నాడు. దాని కొసకు ఒకప్పుడు రేకు బల్లెం ఉండేది. రైలులో ఎవరికో గీరుకుంటే పీకేశాడు.

"ఇదే ఆఖరు" అన్నాడు గడప దాటుతూ. ఆదెమ్మ నమ్మలేదు.

ప్యాసింజరు బండిలో కిటికీ పక్క సీటు దొరికింది. కర్రను కాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు.

తొంభై మూడులో ఇదే బండిలో అంజనప్ప సారు అతన్ని మొదటిసారి పెనుకొండకు తీసుకుపోయాడు. హిందూపురం హైస్కూల్లో సోషలు చెప్పే సారు భుజం మీదికి పట్టు కండువా నేయించుకుందామని ధర్మవరం వచ్చి, ఈరన్న ఇంట్లో సుంకప్ప పని చేస్తుంటే రెండు గంటలు చూస్తూ కూర్చున్నాడు. ఆ రెండు గంటల్లో సుంకప్ప తల ఎత్తలేదు. "ఇంత ఓపికున్నోడు నాకొకడు కావాలప్పా, వాకిట్లో నిలబడేకి" అన్నాడు సారు.

అది నాటకం కాదు. తెర లేదు, మైకు లేదు, రాసిపెట్టిన మాటలు లేవు, చూసేవాళ్ళు అసలే లేరు. నెలలో రెండో ఆదివారం కొండ మీది పాడుబడ్డ కోటలోకి పోయి, పొద్దు గూకేదాకా నాలుగు వందల ఏళ్ళ కిందటి మనుషులై బతకడం, అంతే. సారు రాజు. బ్యాంకు గుమాస్తా సేనను నడిపే దళవాయి. తాలూకాఫీసు రైటరు ఆస్థాన వైద్యుడు. హిందూపురం టెలిఫోను ఎక్స్‌చేంజిలో పనిచేసే ప్రేమలత వేగు, ఊళ్ళ సంగతులు మోసుకొచ్చి రాజు చెవిలో వేసేది. లోపల ఏది జరిగితే అదే కథ. తగువులు, తీర్పులు, అలకలు, ఒకసారి యుద్ధం. జనం వేషాల సంఘం అని ఎగతాళి చేశారు. చేస్తూనే చేరారు. తొంభై ఎనిమిది నాటికి నలభై ఆరుమంది అయ్యారు.

అందరూ ఒకే వాకిలి గుండా పోవాలి. వాకిట్లో సుంకప్ప కర్ర అడ్డం పెట్టి "ఎవురు? ఏం పని మీద వస్తాండారు?" అని అడుగుతాడు. వచ్చినవాళ్ళు తమ వేషం పేరు, ఆ రోజు ఆనవాలు మాట చెప్పి, ఈ కాలపు వస్తువు ఒకటి అతని చేతిలో పెట్టాలి. గడియారమో, పెన్నో, బస్సు పాసో. కావలివాడు అడిగేదాకా పది అడుగుల దూరంలో మాట్లాడకుండా నిలబడాలి. సాయంత్రం బయటికొచ్చి, ఇంట్లో పిలిచే పేరు చెబితే వస్తువు తిరిగి ఇస్తాడు. ఆఖరి మనిషి బయటికి వచ్చేదాకా కావలివాడు వాకిలి వదలకూడదు, లోపల అడుగు పెట్టకూడదు. ఇదంతా సారు పెట్టిన కట్టడి.

అంజనప్ప సారు ఎప్పుడూ కళ్ళజోడే ఇచ్చేవాడు. అది లేకపోతే ఆయనకు బారెడు దూరంలో మనిషి కూడా మసకే. "ఇవి తీసేస్తేనే మీరంతా నిజం దర్బారు మాదిరి కనపడతారప్పా. పెట్టుకుంటే రైటరూ గుమాస్తానే" అని నవ్వేవాడు.

నలభై ఆరుమందిలో దర్బారు చూడనివాడు సుంకప్ప ఒక్కడే. గోడ అవతల నవ్వులు, కేకలు, ఒక్కోసారి ఏడుపులు వినబడేవి. ఊహించుకునేవాడు. మగ్గం ఇళ్ళలో ఏమబ్బా అనే పిలుపు తప్ప ఎరగని మనిషికి, బ్యాంకు గుమాస్తా వచ్చి పది అడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడటమే చాలనిపించేది.

తరువాత ఒకరొకరే రాలిపోయారు. చెక్కకత్తులు చూసి ఎవరో పిటిషను పెడితే ఎస్సై వచ్చి, ఫ్యాక్షనా, నిధుల తవ్వకమా అని ఒక పగలంతా నిలబెట్టి అడిగాడు. ఉద్యోగస్తులు భయపడ్డారు. కొందరికి బదిలీలు అయ్యాయి. ఆదివారాలు టీవీ ముందు గడిచిపోయాయి. రెండు వేల మూడు నాటికి పదకొండు మంది మిగిలారు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో, మధ్యాహ్నం, లోపలి నుంచి కేకలు వినబడ్డాయి. రాజు పడిపోయాడని అరుస్తున్నారు. ఈ పొద్దు కథ బాగా పడిందే అనుకుని సుంకప్ప మురిసిపోయాడు. ప్రేమలత పరిగెత్తుకుంటూ వాకిలికి వచ్చింది. "రాజు పడిపోయినాడు, వైద్యుణ్ణి పిలిపించు" అంది రొప్పుతూ. కథ మధ్యలో వాకిలి దాటేవాళ్ళెవరైనా ఆనవాలు మాట చెప్పాలి గనుక సుంకప్ప కర్ర అడ్డం పెట్టాడు. ఆమె కూడా పదేళ్ళ అలవాటుకొద్దీ, సారుకు నిజంగానే బాగాలేదని చెప్పడానికి బదులు ఆనవాలు గుర్తు తెచ్చుకోసాగింది. రెండు మాటలు తప్పు చెప్పింది. మూడోది, "గుగ్గిళ్ళు" అంది. సుంకప్ప కర్ర తీసి, వైద్యుడి వేషంలో మూలికలు ఏరడానికి బయటికొచ్చి కింద చెట్టు నీడలో ఉన్న తాలూకాఫీసు రైటరును కేకేశాడు. ఆయన వేపమండ పట్టుకుని ఠీవిగా నడిచి వచ్చాడు. సారు మూతి ఒకవైపుకు వంకర పోయిందని చూసి మండ కింద పడేసేసరికి పావుగంట దాటింది.

జీపు వచ్చే దారి వెనకవైపు ఉంది. సారును అటే మోసుకుపోయారు. వాకిలి గుండా రాలేదు.

ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడట. ఆ మాట విన్నాక సుంకప్పా ప్రేమలతా ఒకరి ఎదుట ఒకరు పడలేదు. నెల తరువాత సుంకప్ప కళ్ళజోడు తీసుకుని హిందూపురం పోయాడు. మంచంలో ఉన్న సారుకు మాట రాదు. ఆడే చేత్తో కళ్ళజోడు తీసుకుని, తడిమి, సుంకప్ప అరచేతిలోనే పెట్టి వేళ్ళు మూశాడు. ఉంచుకొమ్మన్నాడో, వాకిట్లో ఇవ్వమన్నాడో తెలియదు. సుంకప్ప వాకిట్లోనే అనుకున్నాడు. ఆ మరుసటి ఏడాది సారు పోయాడు. సుంకప్ప లెక్కలో ఆయన ఇంకా లోపలే ఉన్నాడు.

అప్పటి నుంచి ప్రతి రెండో ఆదివారం ఒక్కడే వచ్చి, కళ్ళజోడు తుడిచి, పొద్దు గూకేదాకా నిలబడి పోతున్నాడు. పదిహేను రోజుల కిందట ఈరన్న ఇంటికి ఫోను వచ్చింది. ప్రేమలత. "సుంకన్నా, రెండో ఆదివారం వస్తాండా. ఇద్దరం లోపలికి పోయి, సారు కూర్చునే రాయి మీద ఆ అద్దాలు పెట్టొద్దాం. ఎన్నాళ్ళు నిలబడతావన్నా నువ్వు" అంది. సరేనమ్మా అన్నాడు. ఆ రాత్రి నుంచి అతనికి ఒకటే ఆలోచన. ఆ రాయి ఎలా ఉంటుందో.

పెనుకొండలో దిగి, కొండ మెట్ల దారి పట్టాడు. మూడు మలుపుల దగ్గర మూడుసార్లు కూర్చున్నాడు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు. చెమట చొక్కాను ఒంటికి అంటించేసింది. వాకిలి చేరేసరికి పదకొండున్నర. రాతి కమాను నీడలో, అలవాటైన చోట నిలబడ్డాడు. కింద ఊరు, రైలుపట్టాలు, ఎండలో తళతళమనే ఒక రేకుల షెడ్డు. సద్ది విప్పాడుగాని తినబుద్ధి కాలేదు. కోతులకు వేశాడు.

ఆమె వచ్చేలోపు అద్దాలు శుభ్రంగా ఉండాలనుకున్నాడు. అరుగు రాయి మీద కూర్చుని, గోడకు ఆనుకుని, కర్రను తొడల మీద అడ్డంగా పెట్టుకున్నాడు. పట్టుముక్క తీసి, అరిగిన ఆ రెండు వేళ్ళతోనే కుడి అద్దాన్ని గుండ్రంగా రాశాడు. వెలుగుకు ఎత్తి చూశాడు. ఛాతీలో ఎవరో మోకాలు మోపినట్టయింది. ఇన్ని మెట్లు ఆదెమ్మ ఎక్కలేదులే, తిరుపతికి బస్సులోనే పోవాల అనుకున్నాడు. కళ్ళజోడు పక్కనే రాయి మీదికి జారింది. తల మెల్లగా గోడ వైపు ఒరిగింది.

బండి ఆలస్యమై ప్రేమలత రెండు దాటాక వచ్చింది. జుట్టు సగం నెరిసింది. మలుపు తిరగగానే వాకిట్లో అతన్ని, అడ్డంగా ఉన్న కర్రను చూసి, పది అడుగుల దూరంలో ఠక్కున ఆగిపోయింది. చెప్పులు విడిచింది. చేతి గడియారం విప్పి పిడికిట్లో పట్టుకుంది. అతను అడగలేదు.

అడగకపోనీ అనుకుంది. కోపమేమో. ఆ రోజు తానొక్క మాట మామూలుగా చెప్పి ఉంటే సారు బతికేవాడు. ఆ కోపం ఉండాల్సిందే. నిలబెట్టనీ, ఎంతసేపైనా నిలబెట్టనీ. మూడేళ్ళుగా ఎవరూ తనను నిలబెట్టి అడగకపోవడమే ఆమెకు భరించలేనిది. ఎండ నెత్తి మీద నుంచి చెంప మీదికి దిగింది. కాళ్ళ కింద రాయి కాలుతోంది. ఆమె కదలలేదు. ఈ కట్టడిని పాటించే మనిషి ఇంకొకడున్నాడు గదా అని, చెప్పుకోవడానికి సిగ్గనిపించే సంతోషం కూడా ఒకటి లోపల మెదిలింది.

చాలాసేపటికి, అతనికి మాత్రమే వినబడేంత మెల్లగా, "గుగ్గిళ్ళు" అంది.

ఒక కోతి కిందికి దూకి, సుంకప్ప పాదం పక్క నుంచి సంగటి మెతుకు ఏరుకుని, అతన్ని లక్ష్యపెట్టకుండా అక్కడే కూర్చుని తిన్నది. అప్పుడు ప్రేమలతకు అర్థమైంది.

"సుంకన్నా" అంది. సారు కట్టడి పెట్టిన తరువాత ఆ వాకిట్లో అతన్ని అతని పేరుతో పిలవడం అదే మొదటిసారి.

కింద నుంచి నలుగురు వచ్చి అతన్ని మెట్ల మీదుగా మోసుకుపోయారు. ఒకడు కర్ర తీసుకున్నాడు. ప్రేమలత వాళ్ళ వెనకే దిగింది, చెప్పులు లేకుండానే. లోపలికి ఎవరూ పోలేదు. అరుగు రాయి మీద కళ్ళజోడు అలాగే ఉండిపోయింది, కుడి అద్దం తళతళలాడుతూ, ఎడమ అద్దం మీద నెల రోజుల దుమ్ముతో.