తుంచిన చామంతి తలలు

వేములపల్లి ఈదయ్యకు ఎవరి మాటా నమ్మబుద్ధి కాదు. మొగులు పట్టి ఉరిమినా, అది ఎవరి లాభం కోసం ఉరుముతోందో అని ఒకసారి ఆలోచిస్తాడు.

నైజాం సర్కారు పోయిన మరుసటి ఏడు, ఎండాకాలంలో, కోదాడ నుంచి బావమరిది నర్సయ్య తడి గోనెలో చుట్టి చామంతి పిలకలు తెచ్చాడు. అతని అక్క సుక్కమ్మకు, సూర్యాపేట అంగట్లో చామంతులు చూసినప్పటి నుంచీ ఒకటే కోరిక. అందరి బతుకమ్మలూ తంగేడుతో, గునుగుతో లేస్తాయి; తన బతుకమ్మకు చామంతి వరుసలు పేర్చాలి.

"బావా, జానెడు పెరిగినప్పుడల్లా తల తుంచెయ్యి. పక్కకొమ్మలు వస్తాయి, పూలెక్కువ పూస్తాయి. ఆషాఢం దాటాక మాత్రం ముట్టుకోకు," అన్నాడు నర్సయ్య.

ఈదయ్యకు మొదటి మాట నచ్చింది. రెండో మాట దగ్గర అనుమానం వచ్చింది. తుంచితే పూలు పెరుగుతాయన్నవాడు మళ్లీ ఆపమంటాడేమిటి? తన పెరటికంటే బావ పెరట్లో ఎక్కువ పూస్తాయని కడుపుమంట కాకపోతే?

ఆషాఢం దాటింది. ఈదయ్య తుంచుతూనే ఉన్నాడు. శ్రావణానికి చెట్లు పొట్టేళ్లలా బలిశాయి. వినాయక చవితి నాడు కూడా స్నానం చేసొచ్చి ఒక విడత తుంచాడు.

పక్కింటి ఎల్లయ్య దడి మీదుగా చూసి, "ఈదన్నా, పూలు పెంచుతున్నవా, మేకలకు ఆకు పెంచుతున్నవా?" అన్నాడు.

"నీ పెండ్లాం ఆండాలుకు సెప్పు. మా బతుకమ్మను సూసినంక ఆమె తన బతుకమ్మను గంప కింద మూసుకోవాలె. గట్ల మీది పూలు ఈసారి మా ఇంట్లకు రానియ్య."

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే ఊరి మగవాళ్లంతా గునుగు కోసుకొచ్చారు. ఈదయ్య కదల్లేదు. సుక్కమ్మ తాంబాలం పట్టుకుని పెరట్లోకి పోయింది. చెట్ల నిండా జొన్నగింజంత పచ్చ మొగ్గలు. ఒక్క పువ్వు లేదు. ఖాళీ తాంబాలం తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"ఏమయ్యా, ఇగ దీంట్ల నిన్ను కూసోబెట్టి సుట్టూ ఆడాల్నా?"

ఈదయ్య కొడవలి పట్టుకుని మాడుగులపల్లి దాకా పోయాడు. గట్లన్నీ గుండు గీసినట్టున్నాయి. మధ్యాహ్నం తిరిగొచ్చి, ఎల్లయ్య ఇంటి వాకిట్లో నిలబడి, ముందు చెరువు గురించి మాట్లాడాడు, తర్వాత ఎడ్ల గురించి.

"నీకేం గావాలె?" అన్నాడు ఎల్లయ్య.

"జర గునుగు. సుక్కమ్మ పొద్దుటి సంది అన్నం తినలే."

"గట్ల మీది పూలు మీ ఇంట్లకు వస్తయా?"

ఎల్లయ్య సగం మోపు విడదీసి ఇచ్చాడు. "ఊకె కాదు. నీ చామంతి పూసినంక నాకియ్యాలె."

ఆ సాయంత్రం సుక్కమ్మ బతుకమ్మ ఆండాలు బతుకమ్మ పక్కనే, దానికంటే బెత్తెడు పొట్టిగా నిలబడింది.

కార్తీకం ముగిసేసరికి చామంతి విరగబూసింది. ఎల్లయ్య రెండు గంపలు కోసుకుపోయి, కొత్త వడ్ల బండి మిర్యాలగూడ మిల్లుకు తోలేనాడు ఎడ్ల మెడలకు దండలు వేశాడు. చుట్ట ముట్టించుకోవడానికి బండిని సరిగ్గా ఈదయ్య వాకిట్లోనే ఆపాడు. అంతలో కుడి ఎద్దు, ఎడమ ఎద్దు మెడలోని దండను నింపాదిగా నమలసాగింది.

"మేకలకనుకున్న. ఎడ్లకు పెంచినట్టున్నవ్," అన్నాడు ఎల్లయ్య.

మళ్లీ ఎండాకాలంలో ఎల్లయ్యే వచ్చి పిలకలు అడిగాడు. ఈదయ్య తవ్వి ఇచ్చాడు.

"జానెడు పెరిగినప్పుడల్లా తల తుంచు. ఆషాఢం దాటినంక ముట్టకు. నా తీరు చెయ్యకు."

ఎల్లయ్య పిలకలు చంకలో పెట్టుకుని అతని మొహంలోకి చూశాడు.

"ఎద్దు దండ తిన్న సంగతి నువ్వు మరిసిపోలే గద?"

"ఒట్టు, ఎల్లయ్యా. నిజమే సెప్తున్న."

"సరే, సరే. నాకెరుక లేదా."

శ్రావణంలో ఒక పొద్దున ఈదయ్య దడి పక్కన వేపపుల్ల నములుతున్నాడు. అవతల ఎల్లయ్య వంగి చామంతి తలలు తుంచుతూ, ఇటు చూసి కన్ను గీటాడు. ఈదయ్య చెబుదామని నోరు తెరిచాడు. ఉమ్మేసి ఊరుకున్నాడు. ఈసారి గునుగు రెండు మోపులు కోయాలి, అనుకున్నాడు.