డెబ్భై మూడు పర్సెంటు దగ్గర

డెబ్భై మూడు పర్సెంటు దగ్గర కంప్యూటర్ నాలుగోసారి ఆగిపోయింది. తెర నల్లబడింది, లోపల ఫ్యాను కాసేపు రొప్పి ఊరుకుంది. ఫిన్నీ ఈసారి దాన్ని తిట్టలేదు. ఉన్న తిట్లన్నీ మూడోసారికే ఖర్చయిపోయాయి.

గిద్దలూరు బస్టాండు వెనక మేడ మీది ఈ గదిలో పదకొండేళ్లుగా అతను పెళ్లి వీడియోలు తయారుచేస్తున్నాడు. ఎందరు పెళ్లికూతుళ్లు ఈ తెర మీద సిగ్గుపడ్డారో, ఎందరు మేనమామలు అలిగారో లెక్కలేదు. అవన్నీ చక్కగా బయటికొచ్చాయి. తీరా తన ఇంటి పని, పాత ఫొటోలు కూర్చిన ఆరు నిమిషాల వీడియో, రానని మొండికేసింది. రేపు పొద్దున పదింటికి రాచర్ల దగ్గర సొంతూళ్లో, మందిరంలో, పోయిన నెల కన్నుమూసిన నాయన విశ్వాసం జ్ఞాపకార్థం ఆదరణ కూడిక. తెర కట్టి వీడియో వేస్తామని పాస్టరుగారు అందరికీ చెప్పేశారు. కొడుకు చేతిలో కెమెరా ఉన్నవాడు కదా, విశ్వాసాన్ని కళ్లనిండా చూసుకోవచ్చని ఊరు అనుకుంటోంది.

ఊరికి తెలియని సంగతి ఒకటుంది. విశ్వాసం కూలిపనులు మానుకుని ఎనిమిదేళ్లు కొడుకు వెంట పెళ్లిళ్లకు తిరిగాడు, లైటు పట్టడానికి. లైటు పట్టేవాడి చోటు ఎప్పుడూ కెమెరా వెనకే. అన్ని వందల పెళ్లిళ్లలో ఆయన ఒక్కదాంట్లోనూ లేడు. వారం రోజులు పాత డిస్కులన్నీ తిరగేస్తే, కంభంలో తీసిన ఒక పెళ్లిలో తొమ్మిది సెకన్లు దొరికాడు. తలంబ్రాలు పోసుకుంటున్న జంటకు దూరంగా, ఒక మూల, బొటనవేలంత మనిషి. కొడుకు కాబట్టి గుర్తుపట్టాడు గానీ ఇంకొకరికి తెలిసేది కాదు.

ఫిన్నీ ఆ మూలను కత్తిరించి తెర నిండా పెంచాడు. మసకకు ఒక ఎఫెక్టు, గరుకుకు ఒకటి, తొమ్మిది సెకన్లు అరనిమిషం కావడానికి ఇంకొకటి వేశాడు. పైన పాట పరిచాడు. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికే మిషన్ చచ్చిపోతోంది.

తప్పు ఆ ముక్కదేనని మాత్రం అతనికి తోచలేదు. ముందు వేడి అనుకున్నాడు. పక్క మూత ఊడదీసి దుమ్ము ఊది, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టాడు. ర్యామ్ తీసి, బడిపిల్లల రబ్బరుతో దాని అంచులు రుద్ది మళ్లీ బిగించాడు. డిస్కులో చోటు ఖాళీ చేశాడు. ప్రతిసారీ కదలకుండా కూర్చుని అంకెలు చూశాడు. మళ్లీ డెబ్భై మూడే.

ఇట్లాంటప్పుడు నాయన పక్కన కూర్చునేవాడు. ఆయనకు కంప్యూటర్ గురించి ఓనమాలు తెలియవు. "దాన్ని కాసేపు ఊపిరి తీసుకోనీరా, అదే పోతాది" అనేవాడు, అంతే. ఆ మాట అనే మనిషి లేక గది బావురుమంటోంది. ఫిన్నీకి ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది. మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే సాగర్‌కు ఫోను చేశాడు.

"ఒకే చోట ఆగుతాందా, రోజుకో చోటా అన్నా?" అన్నాడు సాగర్.

"ఒకే చోట."

"అట్లయితే మిషన్‌లో ఏం లేదు. ఆడ ఏం పెట్టినావు?"

"మా నాయనను."

ఫిన్నీ ఆ మూల బొమ్మ సంగతి చెప్పాక సాగర్ అడిగాడు. "ఎంత పెద్దది చేసినావు?"

"పన్నెండింతలు."

"అంత చిన్న బొమ్మలో మొహం ఉండదన్నా. లేనిదాన్ని తెమ్మంటే అది మాత్రం యాడనుంచి తెస్తది? అన్నీ తీసేసి చూడు."

ఫిన్నీ ఒక్కొక్కటే తీశాడు. తీసిన కొద్దీ నాయన చిన్నవాడవుతూ వెనక్కి పోయాడు. చివరికి పాట కూడా తీసేసి, ఉన్నది ఉన్నట్టు ఆడించాడు.

అప్పుడు వినపడింది. పెళ్లి వీడియోకి అసలు శబ్దం ఎవరికి కావాలి, మీద పాట వేస్తారు గానీ. డిస్కు పెట్టగానే సౌండు కట్టేయడం అతని అలవాటు. ఈ వారమంతా అట్లాగే మూగబొమ్మలు చూశాడు. ఇప్పుడు మేళం గోలలోంచి నాయన గొంతు వచ్చింది. ఆ మూల నుంచి ఒక అడుగు ముందుకేసి, "ఫిన్నీ, వెలుతురు సరిపోతాందా?" అన్నాడు. వెంటనే కెమెరాకు ఆనుకుని, చిరాగ్గా, తన గొంతే వినపడింది. బొమ్మలోంచి నాయన తప్పుకున్నాడు. తొమ్మిది సెకన్లు అయిపోయాయి.

ఫిన్నీ తల టేబుల్ మీద పెట్టి ఏడ్చాడు. పాట మళ్లీ వేస్తే తన మాట ఎవరికీ వినపడదు. నాయన మాటా వినపడదు. పాట వేయకుండా, వీడియోను ఫైలుగా తీసే రెండర్ బటన్ నొక్కాడు. డెబ్భై మూడు దాటింది, ఎనభై దాటింది, నాలుగు నిమిషాల్లో ముగిసింది.

ఊరి నుంచి అమ్మ మగ్దలీనమ్మ ఫోను చేసింది.

"అయినాదా ఫిన్నీ?"

"అయిందమ్మా. నాయన చిన్నగా కనపడతాడు. ఒక మాట మాట్లాడతాడు."

ఆ గొంతు విని ఆమెకు నెల దాటింది. "ఏమంటాడు?"

"వెలుతురు సరిపోతాందా అని అడుగుతాడు."

"నువ్వేమన్నావు?"

ఫిన్నీ గోడ వైపు తిరిగాడు. "పక్కకు జరుగు, అడ్డమొస్తన్నావు అన్నాను."

అవతల మగ్దలీనమ్మ ముక్కు చీదుకోవడం వినిపించింది.

"జరిగినాడా?"

"జరిగినాడమ్మా."