దిగులు కొలిచే కాగితం

పలుకులతల్లీ, నోరు దాటని మాటకు కూడా సాక్షివి నువ్వే. ఈ కథ చెప్పినంతసేపూ నా వాక్కును తడబడనీయకు. ఎవరి మెప్పు కోసమూ దానికి తీపి పూయనీయకు.

ఆ ఉదయం మావారి చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. "ముసలివాళ్ళని పట్టుకుని ఏడుస్తున్నారా, నవ్వుతున్నారా అని అడగడం కూడా ఒక ఉద్యోగమేనా? ముందు ఆ కాలరు సరిగ్గా చెయ్యి," అన్నారాయన. నేను కాలరు మీద నీళ్ళు చల్లాను. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ "దీపం పెట్టే చేత్తో కన్నీళ్ళు తుడుచుకోకూడదే" అనేవారు. అందుకని కన్నీళ్ళను రానివ్వడమే మానేశాను. చిన్ననాడు మా నాన్నగారి పక్కన కూర్చుని కంఠస్థం చేసిన పద్యాలన్నీ వంటింటి ఆవిరిలో మెత్తబడ్డాయి. బాగున్నావా అని ఎవరడిగినా, బాగున్నానండీ అనడమొక్కటే నోటికి నిలిచింది.

పేటలోని ఆరోగ్య కేంద్రంలో నాది ప్రశ్నలు చదివే పని. అరవై ఐదు దాటిన నాలుగు జాతుల పెద్దలకు, ఒకటే కాగితం, పదిహేను ప్రశ్నలు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవాలి, వివరించకూడదు. దిగులు ఉన్నదని తేల్చే ప్రతి జవాబుకూ ఒక మార్కు.

ఆనాడు వచ్చినామె కుట్టుపనిలో యాభై ఏళ్ళు గడిపిన పెద్దామె, సముద్రం దాటి వచ్చిన జాతి మనిషి. దిగులుగా ఉంటున్నారా? "లేదమ్మా." ఏడుపు వస్తోందా? "ఛ, ఛ." పదిహేనూ అయ్యేసరికి సున్నా. కాగితం మడిచాను.

"అయిపోయిందా? అయితే ఇప్పుడు మాట్లాడుకుందాం," అని కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మూడు నెలలైంది తల్లీ, అన్నం మట్టిలా ఉంది. గుండెమీద బండ పెట్టినట్టుంటుంది. సూది పట్టుకుంటే చెయ్యి లేవదు."

"మరి దిగులు లేదన్నారే!"

"ఉందంటే కొడుకు చూడట్లేదని కదా లెక్క? వాడి పరువు తీసుకెళ్ళి నీ కాగితం మీద పెడతానా? అంత పిచ్చిదాన్నా!" అని నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

ఆమె జాతి ఆడవాళ్ళ కాగితాలన్నీ తిరగేశాను. వరసగా సున్నాలు. మరో జాతివాళ్ళకేమో సంతోషంగా ఉన్నామని పైకి అంటే దిష్టి తగులుతుందని భయం. లేమన్న ప్రతిసారీ వాళ్ళకు మార్కులు పెరిగాయి.

మర్నాడు మా డాక్టరు గారు మురిసిపోతూ వచ్చారు. "చూశారా మేడమ్, కుట్టుపనామె తాలూకు వాళ్ళు భలే గట్టివాళ్ళు! వాళ్ళకిచ్చిన కౌన్సెలింగ్ గది మూసేసి, మార్కులు ఎక్కువొచ్చిన వాళ్ళకిద్దాం. కాగితం అందర్నీ ఒకే తీరుగా కొలిచిందని ప్రశ్నలు చదివినవారు సంతకం చెయ్యాలి. ఇక్కడ."

"కొలవలేదండీ. వాళ్ళ బాధ ఒళ్ళంతా ఉంది, ఈ ప్రశ్నల్లో లేదు. ఇటు దిష్టికి భయపడ్డవాళ్ళ మార్కులూ నమ్మలేం."

"అబ్బా, ఆడవాళ్ళు ప్రతిదీ మనసుకు పట్టించుకుంటారు మేడమ్. మీరూ పెద్దవారేగా, మిమ్మల్ని అడిగితే నిజం చెప్పరూ? హాయిగానే ఉన్నారుగా?"

అలవాటైన జవాబు నాలుక మీదికి వచ్చేసింది. గది అవతల, బెంచీ మీద, ఆ జాతి ఆడవాళ్ళు నలుగురు తమ వంతు కోసం కూర్చున్నారు. నోరు మూసుకుని కలం తెరిచాను. సంతకం చేయవలసిన చోట రాశాను: "ఈ కాగితం అందరినీ ఒకే తీరుగా కొలవలేదు. వారి నోటి మాటలు విడిగా రాసి జతచేస్తున్నాను. అవి చదవకుండా గది మూయరాదు."

"ఏంటండీ ఇది? ఉద్యోగం వద్దా?"

"కావాలి. అందుకే రాశాను. మీరడిగినదానికి జవాబు కూడా వినండి డాక్టరు గారూ. ఈ నలభై ఏళ్ళలో ఎప్పుడు అడిగినా ఈ కాగితంలో నాకూ సున్నాయే వచ్చేది."

ఈ కథ విన్న తల్లులందరి ఒంటినొప్పి వెనకున్న బాధ అడిగేవారికి తెలియుగాక! అడిగినవారికి చివరిదాకా వినే ఓర్పు కలుగుగాక!